ఏకవ్యక్తి కంపెనీ నడిపే మహిళ ప్రసూతి వేతనం: ఉద్యోగుల రాజ్య బీమా సంస్థకు బహిరంగ లేఖ

ఉద్యోగుల రాజ్య బీమా సంస్థ డైరెక్టర్ జనరల్ గారికి,

బెంగళూరు పీణ్య పారిశ్రామికవాడ పేరు చెప్పగానే పెద్ద కర్మాగారాలు గుర్తుకు రావచ్చు గాని, ఆ వాడను నడిపిస్తున్నవి వాటికి విడిభాగాలు చేసిపెట్టే చిన్న షెడ్లు. లేతు పని, గ్రైండింగు, డ్రాయింగుల తయారీ వంటి జాబ్‌వర్కు, అంటే ముడిసరుకో నమూనాయో ఇచ్చినవారికి పని చేసిపెట్టి కూలి తీసుకునే పద్ధతి, వీటికి ఆధారం. ఇలాంటి కాంట్రాక్టు పనులు పట్టే మహిళ తన సొంత పేరున కాక కంపెనీ పేరున బిల్లు వేసే వీలును 2013 నాటి కంపెనీల చట్టం కల్పించింది. ఒకే వాటాదారుతో, ఒక్క డైరెక్టరుతోనైనా నమోదు కాగల ఆ సంస్థను ఏకవ్యక్తి కంపెనీ అంటారు. కంపెనీ అప్పులకు ఆమె పెట్టిన మూలధనం మేరకే బాధ్యత వహించడం, అంటే పరిమిత బాధ్యత, అందులోని ప్రధాన సౌకర్యం. ఏకవ్యక్తి కంపెనీల మీద ఉన్న మూలధనం, టర్నోవరు పరిమితులను 2021 ఏప్రిల్ 1 నుంచి తొలగించడంతో ఈ దారి మరింత సులువైంది.

ఆ మహిళ గర్భవతి అయినప్పుడు ఆమెకు ప్రసూతి వేతనం ఎవరివ్వాలన్న ప్రశ్నకు మాత్రం మన చట్టాల్లో సూటి జవాబు దొరకదు. 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టం 2017 సవరణతో 26 వారాల వేతన సెలవు ఇచ్చింది గాని, ఆ ఖర్చంతా యజమాని మీదే మోపింది. యజమానీ ఉద్యోగీ ఒకరే అయినచోట ఆ హక్కు కుడిచేతి సొమ్ము ఎడమచేతికి మార్చుకోవడంగానే మిగులుతుంది. అప్పటికి ఆ కుడిచేతిలోనూ సొమ్ము ఉండదు, ఎందుకంటే ఆమె పని ఆపితే కంపెనీ రాబడి ఆగుతుంది, ఖర్చులు మాత్రం ఆగవు. షెడ్డు అద్దె కట్టాలి, బెస్కాం విద్యుత్ స్థిర ఛార్జీ కట్టాలి, యంత్రం మీద తెచ్చిన బ్యాంకు అప్పు వాయిదా కట్టాలి. బిల్లు ఒక్కటీ వేయకపోయినా జీఎస్టీ రిటర్ను దాఖలు చేయక తప్పదు. సూక్ష్మ, చిన్న సంస్థలకు రావలసిన బాకీని గరిష్ఠంగా 45 రోజుల్లో చెల్లించాలని 2006 నాటి చట్టం చెబుతున్నా, పాత బిల్లుల సొమ్ము సకాలంలో వచ్చినంత మాత్రాన ఆరు నెలలు గడవవు. ఏకవ్యక్తి కంపెనీ నమోదు పత్రంలో, యజమాని మరణిస్తే లేదా అశక్తురాలైతే బాధ్యత స్వీకరించే నామినీ పేరు తప్పనిసరిగా రాయించే చట్టం, ఆమె ప్రసవం గురించి ఒక్క మాటయినా చెప్పకపోవడం విచారకరం.

ఈ లోటును పూడ్చగల వ్యవస్థ ఉద్యోగుల రాజ్య బీమా, అంటే ఈఎస్ఐ ఒక్కటే. 1944లో ఆచార్య అదార్కర్ ఇచ్చిన నివేదిక ఆధారంగా 1948లో చట్టమై, 1952 ఫిబ్రవరి 24న కాన్పూరు, ఢిల్లీలలో మొదలైన ఈ బీమాలో ప్రసూతి ఖర్చు ఏ ఒక్క యజమాని మీదా పడకుండా అందరి చందాలతో ఏర్పడిన ఉమ్మడి నిధి నుంచి వెళుతుంది. నెలకు 21,000 రూపాయల వేతనం మీద యజమాని వాటా 3.25 శాతం, ఉద్యోగి వాటా 0.75 శాతం కలిపి చందా 840 రూపాయలు, అంటే ఏడాదికి 10,080. ప్రసూతి సమయంలో రోజుకు 700 లెక్కన 182 రోజులకు అందేది 1,27,400. రెండు వాటాలూ తానే కట్టవలసివచ్చినా పీణ్యలో షెడ్డు నడిపే మహిళకు అది మోయలేని భారం కాదు. పైగా ఈఎస్ఐ ఆసుపత్రి ఆ పారిశ్రామికవాడలోనే ఉంది.

అయినా ఆమె ఆ గడప లోపలికి రాలేకపోతున్నది. సాధారణంగా పదిమంది లేదా అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలకే ఈ బీమా తప్పనిసరి. ఈఎస్ఐ, ప్రసూతి ప్రయోజన చట్టాల స్థానంలో 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతి ప్రకారం అంతకంటే చిన్న సంస్థలు యజమాని, ఉద్యోగుల్లో అధిక సంఖ్యాకులు ఒప్పుకుంటే స్వచ్ఛందంగా చేరవచ్చు. కాని ఆ ఇద్దరూ ఒకే మనిషి అయితే ఏమి చేయాలో స్మృతి చెప్పదు. అదే స్మృతిలోని 45వ సెక్షన్ అసంఘటిత కార్మికులకు ఈఎస్ఐ సంస్థ ద్వారా ప్రయోజనాలు అందించే పథకం రూపొందించవచ్చునంటుంది. అయితే అసంఘటిత రంగమంటే వ్యక్తుల లేదా స్వయం ఉపాధి కార్మికుల యాజమాన్యంలోని సంస్థ అని నిర్వచించడం వల్ల, చట్టం దృష్టిలో వేరే వ్యక్తిగా నిలిచే కంపెనీ అందులోకి వస్తుందో రాదో తేలడం లేదు. పరిమిత బాధ్యత కోసం కంపెనీ పెట్టుకున్న మహిళ ఆ కారణంగానే రెండు దారులకూ దూరమయ్యే ప్రమాదముంది.

ఈ చిక్కును న్యాయస్థానాలు ఏనాడో విప్పాయి. న్యూజిలాండ్‌లో తన కంపెనీలోని 3,000 వాటాల్లో 2,999 తన పేరునే ఉంచుకుని, అదే కంపెనీలో పైలట్‌గా పనిచేస్తూ విమానం కూలి మరణించిన లీ అనే వ్యక్తి ఆ కంపెనీ ఉద్యోగి అవుతాడని, అతని భార్య కార్మిక పరిహారానికి అర్హురాలని 1960లో తుది అప్పీలు న్యాయస్థానమైన ప్రీవీ కౌన్సిల్ తేల్చింది. వేతనం తీసుకునే మేనేజింగ్ డైరెక్టర్ ఈఎస్ఐ చట్టం కింద ఉద్యోగి కాగలడని అపెక్స్ ఇంజినీరింగ్ వ్యాజ్యంలో 1997లో భారత సుప్రీంకోర్టే చెప్పింది. చందా వసూలు చేయడానికి ఈఎస్ఐ సంస్థకు పనికివచ్చిన ఆ తీర్పు, ప్రయోజనం అందించడానికీ పనికిరావాలి. బ్రిటన్‌లో సొంత కంపెనీ నుంచి జీతం తీసుకునే కాంట్రాక్టరు కూడా అర్హతలుంటే 39 వారాల ప్రసూతి వేతనం పొందుతుంది. చిన్న కంపెనీ చెల్లించిన ప్రతి 100 పౌండ్లకు తిరిగి ఇచ్చే మొత్తాన్ని ప్రభుత్వం 2025 ఏప్రిల్‌లో 108.5 పౌండ్లు చేసింది.

గర్భం నిర్ధారణ అయ్యాక చందా కట్టి లాభపడేవారు ఉంటారన్న భయం సహేతుకమే. ప్రసూతి ప్రయోజనానికి ముందటి రెండు చందా కాలాల్లో కనీసం 70 రోజుల చందా ఉండాలన్న ఈఎస్ఐ నిబంధన దానికి కొంత అడ్డుకట్ట. స్వచ్ఛందంగా చేరేవారికి దాన్ని ఏడాదికి పెంచినా అన్యాయం కాదు.

కనుక, జీతం తీసుకునే మహిళా డైరెక్టరు ఒంటరిగా కంపెనీ నడుపుతున్నా స్వచ్ఛంద నమోదుకు అర్హురాలేనని సంస్థ స్పష్టమైన సర్క్యులర్ ఇవ్వాలి. 45వ సెక్షన్ కింద పథకం రూపొందేటప్పుడు పదిమంది లోపు పనిచేసే కంపెనీల యజమానురాళ్లను పేర్కొని చేర్చాలని కేంద్ర కార్మిక శాఖకు సిఫారసు చేయాలి. మొదటి పనికి కొత్త చట్టంతో అవసరం లేదు, సంస్థ నిర్ణయం చాలు. ఆ నిర్ణయాన్ని ఆలస్యం చేయవద్దని విజ్ఞప్తి.