జనం పాట – విద్యార్థి పరిశోధన

2023 మార్చిలో ‘నాటు నాటు’ పాటకు ఆస్కార్ బహుమానం వచ్చినప్పుడు తెలుగువారందరూ పండుగ చేసుకున్నారు. పాట వ్రాసిన చంద్రబోస్ గారి పేరు, బాణీ కట్టిన కీరవాణి గారి పేరు దేశదేశాల పత్రికల కెక్కాయి. సంతోషించదగిన విషయమే. కాని ఆ పాట ఏ గతిలో నడుస్తున్నది, అందులోని పోలికలు ఏ పల్లె బ్రతుకునుంచి వచ్చాయి, ఆ పలుకుబడి ఏ సీమది అని విచారించిన తరగతి గదులు ఎన్ని ఉంటాయి? మెచ్చుకొనడం ఒకటి, తెలుసుకొనడం మరొకటి. మొదటిదానిలో మనకు కొరత లేదు. రెండవదానికి ఇప్పుడు విద్యాలయాలలోనే ఒక త్రోవ ఏర్పడింది.

విశ్వవిద్యాలయాల నిధుల సంఘం 2022 డిసెంబరులో ప్రకటించిన ప్రణాళికలో నాలుగేండ్ల డిగ్రీకి చోటు కల్పించింది. మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం మార్కులు తెచ్చుకొన్నవారు నాల్గవ యేట పరిశోధనను ఎన్నుకొనవచ్చు. వెనుక ఎం.ఏ. దాటితేగాని వినబడని ‘సిద్ధాంత వ్యాసం’ అన్న మాట ఇరవై యేండ్ల విద్యార్థి నోటికి వచ్చింది. అయితే ఆ విద్యార్థి దేనిని గురించి పరిశోధించాలి? తాను నిత్యం వినే సినిమా పాటనో, యూట్యూబులో లక్షలమంది చూసే జానపద పాటనో ఎన్నుకొంటే పెద్దలు కొందరు ముఖం చిట్లిస్తారు. పోతన పద్యం తప్పు లేకుండా చదవలేనివాడికి సినిమా పాటమీద పరిశోధన ఎందుకని వారి ప్రశ్న.

ఆ ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు. పద్యం చదవడం రావలసిందే. కాని పాటను నిజంగా పరిశీలించేవాడికి మాత్రల లెక్క తెలియాలి. యతిప్రాసలు చెవికి తగలాలి. ఏ మాట ఏ ప్రాంతానిదో గుర్తించడానికి నిఘంటువు తిరగవేయాలి. పాట దగ్గర బయలుదేరినవాడు ఈ దారిన పద్యం దగ్గరికి రాక తప్పదు. పైగా ఈ చిన్నచూపు నిన్నటిది కాదు. జానపద గేయాలు సైతం ఒకప్పుడు పండితుల పంక్తికి నోచుకోలేదు. బిరుదురాజు రామరాజు గారు తెలుగు జానపద గేయ సాహిత్యంపై ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పరిశోధించి 1956లో డాక్టరేటు పొందారు. తరువాత ఆ బాటన ఎందరో నడిచారు. నేడు జానపద వాఙ్మయం ఎం.ఏ. విద్యార్థులకు పాఠ్యాంశం.

సినిమా విషయంలోనూ శ్రద్ధగల పరిశోధన ఏమి చేయగలదో చూపడానికి ఒక్క ఉదాహరణ చాలు. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1931 సెప్టెంబరు 15న విడుదలైనదని అనేక దశాబ్దాలు అందరూ వ్రాశారు, అందరూ చదివారు. పాత్రికేయులు రెంటాల జయదేవ గారు ఆనాటి పత్రికలను, సెన్సారు వివరాలను వెదకి, చిత్రం సెన్సారు అయినదే 1932 జనవరి 22న అనీ, బొంబాయిలో విడుదలైనది 1932 ఫిబ్రవరి 6న అనీ నిరూపించారు. ఆ చిత్రం ప్రతి నేడు లభ్యం కాదు. మిగిలినవి కాగితాలే. ఆ కాగితాలను ఓపికగా చదవడంవల్ల ఒక పొరపాటు తొలగింది. పదిమంది వ్రాసినంత మాత్రాన ఒక సంగతి నిజం కాబోదని విద్యార్థికి ఇంతకంటె బాగా చెప్పే పాఠం లేదు.

ఇక వర్తమానానికి వద్దాము. 2021లో ‘లవ్ స్టోరీ’ చిత్రంకోసం సుద్దాల అశోక్ తేజ గారు వ్రాసిన ‘సారంగదరియా’ పాట మారుమ్రోగింది. దానికి మూలం ప్రజల నోట ఉన్న పాట. ఆ మూలాన్ని వెలికి తెచ్చి అంతకుముందే పాడినది తానని ఒక జానపద గాయని ముందుకు రావడంతో వివాదం చెలరేగింది. ఎవరిది న్యాయమని తీర్పు చెప్పడం ఇక్కడ నా ఉద్దేశం కాదు. ఆ పాట ఏ ఊళ్లో, ఎవరి నోట, ఏ సందర్భంలో, ఎన్ని రూపాలలో ఉండేదో ముందుగానే ఎవరైనా వ్రాసిపెట్టి ఉంటే వివాదానికి ఆధారమైనా దొరికేది. 2012లో సవరించిన కాపీరైటు చట్టం సినిమా పాట వ్రాసినవారికి, బాణీ కట్టినవారికి రాయల్టీ హక్కును గట్టిపరచింది. తరతరాలుగా నోటినుంచి నోటికి వచ్చిన పాటకు ఆ చట్టంలో ప్రత్యేక రక్షణ లేదు. కనుక అటువంటి పాట విషయంలో పాడినవారి పేరు నిలవాలంటే, ఎవరో ఒకరు వ్రాసిపెట్టడమే మార్గం.

వ్రాసుకొనడానికి వ్యవధి కూడా ఎక్కువ లేదు. 2022లో పద్మశ్రీ అందుకొన్న దర్శనం మొగులయ్య గారి పన్నెండు మెట్ల కిన్నెరను చాలామంది మొదట విన్నది ‘భీమ్లా నాయక్’ పాటలోనే. 2023లో వచ్చిన ‘బలగం’ చిత్రం చివర బుడగ జంగాల కళాకారులు మొగిలయ్య, కొమురమ్మ దంపతులు పాడిన పాట ప్రేక్షకులను కంటతడి పెట్టించింది. 2024 డిసెంబరులో మొగిలయ్య గారు కన్నుమూశారు. సినిమా పట్టుకొన్నది కొన్ని నిమిషాల పాటను. ఆ గొంతులో ఉన్న తక్కిన కథలమాట ఏమిటి? ఇటువంటి కళాకారుల ఊళ్లకు దగ్గరగా ఉన్న కళాశాలలు ఆలోచించవలసిన ప్రశ్న ఇది.

విద్యార్థికి పెద్ద సాధనాలు అక్కరలేదు. బతుకమ్మ పాటనే తీసుకొందాము. వాకిట్లో ఒకామె ఎత్తుకొంటుంది, తక్కినవారు అందుకొంటారు, చప్పట్లే తాళం. ఏటా పండుగకు ముందు విడుదలయ్యే వీడియో పాటలో వాద్యాలు చేరుతాయి, గొంతు ఒక్కరిదవుతుంది, పాట కొద్ది నిమిషాలకు కుదించుకుపోతుంది. తన వీధిలో పాడిన పాటను, ఫోనులో వచ్చిన పాటను ప్రక్కప్రక్కన వ్రాసుకొని, ఏ చరణాలు జారిపోయాయి, ఏ పల్లవి నిలిచింది, కొత్తగా ఏ మాటలు చేరాయి అని పరిశీలిస్తే చక్కని వ్యాసం తయారవుతుంది. పాడినవారి పేరు, ఊరు, తేదీ వారి అనుమతితో నమోదు చేయాలి. వ్యాసం పూర్తయిన తరువాత ఒక ప్రతి వారి చేతిలో పెట్టాలి.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక్క మనవి. నేడు ఏ విషయంమీదనైనా పది పుటల వ్యాసాన్ని కృత్రిమ మేధ క్షణంలో వ్రాసి యిస్తున్నది. అటువంటి వ్యాసాలను దిద్ది మార్కులు వేయడం వ్యర్థమని మీకూ అనిపిస్తూ ఉండవచ్చు. అయితే విద్యార్థి అమ్మమ్మ నాటు వేస్తూ పాడిన పాట ఇంతవరకు ఏ పుస్తకంలోనూ ఎక్కకపోతే, దానిని ఏ యంత్రమూ వ్రాసి ఇవ్వలేదు. ఆ పాటను అడిగి వ్రాసుకొని రమ్మనండి. వచ్చే దసరా సెలవులలో తరగతికి పది పాటలు చేరినా, ఆ పాడినవారి పేర్లు పది మన ఊరి గ్రంథాలయంలో నిలుస్తాయి.