ఆ మసి గీకొద్దు

మా మామూజాన్ బెజవాడ షెడ్డులో ఫిట్టర్. రిటైరయ్యాక ఇత్తడితో డబ్ల్యూపీ ఇంజన్ నమూనా చేశారు. 1947లో అమెరికా బాల్డ్విన్ నుంచి మొదట దిగిన, ముక్కు మీద నక్షత్రం ఉండే ఇంజన్ అది.

ఇత్తడి మహా మొండిది. జిడ్డు కడిగి, గరుకు పట్టించి, ప్రైమర్ వేయకపోతే రంగు పెచ్చులుగా లేచిపోతుంది. పూత పలచగా వేయాలి, ఆరేదాకా ఆగాలి, మళ్ళీ వేయాలి. మామూ సబర్ అంతా అక్కడే. అంతా అయ్యాక పొగగొట్టం చుట్టూ మసి, చక్రాలకు బూడిదరంగు అద్దారు.

ఆయన ఇంతెఖాల్ తర్వాత ఇంట్లో మష్వరా: రంగు గీకేసి పాలిష్ పెట్టిద్దాం, షోకేసులో తళతళలాడుతుంది అని. ఖుదా కే వాస్తే, వద్దు! పచ్చగా మెరిసే ఇంజన్‌ని ఏ షెడ్డులో చూశారు? ఆ మసే ఆయన మెహనత్. రిటైరైన రోజుకీ అది మామూ గోళ్ళ కిందే ఉంది. ముమానీ సబ్బుతో రుద్ది రుద్ది విసుక్కునేది.