పైరవీకి పద్దు ఉండాలి

అడగందే అమ్మయినా పెట్టదంటారు. రాయచూరు జిల్లా మాత్రం అడుగుతూనే ఉంది. ఎయిమ్స్ ఇవ్వాలంటూ 2022 మే 13న నగరంలో మొదలైన ధర్నా 2025 ఫిబ్రవరిలో వెయ్యి రోజులు దాటింది. ఎండల్లో రాటుదేలిన ఊరు గనుక శిబిరం ఎత్తేయలేదు. రాష్ట్ర ప్రభుత్వం 2023లో రాయచూరు పేరునే కేంద్రానికి సిఫారసు చేసింది. ముఖ్యమంత్రి ప్రధానికి లేఖ రాశారు. అయినా వెయ్యో రోజు నాటికి ఢిల్లీ నుంచి ఔననిపించుకోలేకపోయారు.

ఇది మొదటి దెబ్బేమీ కాదు. 2015 కేంద్ర బడ్జెట్‌లో కర్ణాటకకు ఐఐటీ ప్రకటించినప్పుడు రాష్ట్రం పంపిన పేర్లలో రాయచూరు కూడా ఉంది. దక్కింది ధార్వాడకు. నాలుగేళ్ల తర్వాత, 2019లో, రాయచూరుకు ట్రిపుల్ ఐటీ వచ్చింది. దాని తరగతులు కూడా తొలుత సంగారెడ్డి జిల్లా కందిలోని హైదరాబాద్ ఐఐటీ ఆవరణలోనే నడిచాయి. కేంద్రం 2018లో ప్రకటించిన వెనుకబడిన 'ఆకాంక్షిత జిల్లాల' జాబితాలో కర్ణాటక నుంచి ఉన్నవి రెండే. అందులో రాయచూరు ఒకటి, యాదగిరి రెండోది. వెనుకబాటు లెక్కల్లో ముందు, వరాల లెక్కల్లో వెనుక!

ఎందుకిలా అని సింధనూరు క్యాంపుల్లోని వరి రైతును అడిగినా, రాయచూరు గంజ్‌లో పత్తి వ్యాపారిని అడిగినా ఒకటే జవాబు: "మనకు లాబీ లేదు సార్." బెంగళూరు నాలుగు వందల కిలోమీటర్ల పైమాటే. హైదరాబాద్ అందులో సగం దూరం. జిల్లాకు అసెంబ్లీలో ఏడు సీట్లున్నాయి. 224 మంది సభలో ఆ ఏడు గొంతులూ ఒక్కటైనా వినిపించేది అంతంతే. డిసెంబరులో బెళగావి సువర్ణ సౌధలో సమావేశాలు పెట్టినప్పుడు బస్సులు కట్టుకుని వెళ్లి, గేటు దగ్గర వినతిపత్రం ఇచ్చి, ఫొటో దిగి వచ్చేయడమే ఇంతకాలం జరుగుతున్న లాబీ.

లాబీ లేదన్న మాట నిజమే అయితే, మరి దాన్ని ఎలా తెచ్చుకోవాలి? ఒక జిల్లా పంచాయతీగానీ నగర పాలక సంస్థగానీ తన తరఫున చట్టసభల్లో వాదన వినిపించేందుకు ఒక మనిషిని జీతమిచ్చి పెట్టుకోవచ్చా? ప్రశ్న వింతగా తోచవచ్చు. అమెరికాలో అది మామూలు వ్యవహారం. డల్లాస్ చుట్టుపక్కల తెలుగువారు పన్ను కడుతున్న నగరాలు సైతం ఆ పని చేస్తున్నాయి. రాబోయే సమావేశాల్లో ఏ బిల్లు కావాలో, ఏది వద్దో, ఏ పనికి నిధులు అడగాలో ముందుగా నగర మండలి జాబితా రాసుకుని ఓటేస్తుంది. ఆ తర్వాత ప్రకటన ఇచ్చి దరఖాస్తులు పిలుస్తుంది. వచ్చిన సంస్థల అనుభవం చూస్తుంది. ఇప్పటికే ఎవరెవరి తరఫున పనిచేస్తున్నాయో, తమ నగరానికి ఎదురు నిలిచిన కక్షిదారు ఎవరైనా అందులో ఉన్నారో లేదో ఆరా తీస్తుంది. ఇంటర్వ్యూ చేస్తుంది, రుసుము బేరమాడుతుంది. చివరికి బహిరంగ సభలో ఒప్పందం ఆమోదిస్తుంది. నెలకింత అని రుసుము, ఏడాదో రెండేళ్లో గడువు. కేంద్ర స్థాయిలో లాబీ చేసేవారు 1995 నాటి చట్టం కింద పేరు నమోదు చేసుకుని, ఎవరి దగ్గర ఎంత పుచ్చుకుంటున్నారో లెక్క చెప్పాలి.

అక్కడా అందరూ మెచ్చుకుంటున్నారని కాదు. ప్రజల పన్నుతో లాబీయిస్టులను పోషించడం నిషేధించాలని టెక్సాస్‌లో 2019లో బిల్లు పెట్టారు. అది సెనేట్‌లో నెగ్గి, ప్రతినిధుల సభలో ఓడింది. ఆ తర్వాత కూడా అదే పోరు. ఎన్నుకున్న మనిషి ఉండగా, ఆయన్ను ఒప్పించడానికి మళ్లీ కూలి మనిషి ఎందుకన్నది వారి ప్రశ్న. చిన్న ఊళ్లకు గొంతు ఎక్కడిదన్నది అవతలివారి జవాబు. రెండింటిలోనూ నిజముంది.

ఇక ఇక్కడి సంగతి. లాబీ అన్న మాట ఈ దేశంలో మంచి పేరు తెచ్చుకోలేదు. 2010లో నీరా రాడియా టేపులు బయటపడినప్పుడు ఆ మాట విని జనం ముక్కున వేలేసుకున్నారు. భారత మార్కెట్లో ప్రవేశం కోసం అమెరికాలో లాబీకి ఖర్చు పెట్టినట్లు వాల్‌మార్ట్ అక్కడి చట్టం ప్రకారం చూపిన లెక్కలపై 2012 డిసెంబరులో పార్లమెంటు అట్టుడికింది. కేంద్రం విచారణ కమిటీ వేయాల్సి వచ్చింది. ఇక్కడ లాబీయిస్టు పేరు నమోదు చేసుకోవాలనే చట్టమే లేదు. తెలుగులో దానికి జనం వాడే మాట పైరవీ. కాంట్రాక్టు కోసం, బదిలీ కోసం, రేషన్ కార్డు కోసం సైతం పైరవీకారు దొరుకుతాడు. రశీదు మాత్రం దొరకదు.

చట్టం ఈ రెంటికీ మధ్య గీత గీసే ఉంచింది. ప్రభుత్వ ఉద్యోగం ఇప్పిస్తే వెయ్యి రూపాయలిస్తానన్న ఒప్పందం చెల్లదని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 23వ సెక్షన్ ఉదాహరణగా చెప్పింది. సొంత పలుకుబడితో అధికారిని తిప్పుకుంటానని డబ్బు పుచ్చుకుంటే అది నేరమని అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేర్చిన 7ఎ సెక్షన్ అంటోంది. మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు. అంటే పలుకుబడిని కొనరాదు. పనిని కొనవచ్చు. లెక్కలు సేకరించడం, ముసాయిదా రాయడం, ఫైలు ఏ బల్లమీద ఆగిందో కనుక్కోవడం, ఎమ్మెల్యేలకూ ఎంపీకీ ప్రశ్నలు తయారుచేసి ఇవ్వడం, ఏ కమిటీ ఎప్పుడు కూర్చుంటుందో ముందే చెప్పడం పని కిందికి వస్తాయి. అలాంటి పనికి బహిరంగంగా మనిషిని పెట్టుకోవడంలో తప్పులేదు.

పెట్టుకుంటే ఎలా పెట్టుకోవాలన్నదే అసలు చిక్కు. కర్ణాటకలో ప్రభుత్వ సంస్థలు సరుకులు, సేవలు కొనడానికి 1999 నాటి పారదర్శకత చట్టం ఉంది. టెండర్ పిలవాలి. సలహాదారు పనికైతే ముందు సాంకేతిక బిడ్, తర్వాత ధర బిడ్ చూడాలి. తక్కువ ధర వేసినవాడికల్లా ఇచ్చేస్తే జిల్లా వాదన కూడా చవగ్గానే ఉంటుంది. పోనీ, అదే చట్టంలోని 4(జి) సెక్షన్ కింద మినహాయింపు తెచ్చుకుని నేరుగా ఇచ్చేస్తే? అప్పుడు లాబీయిస్టు పేరిట నాయకుడి బావమరిది దిగుతాడు. అందుకే మినహాయింపు తలుపు మూసే ఉంచాలి.

రెండో షరతు, గెలిస్తే ఇంత వాటా అన్న బేరం కుదరదు. అమెరికా సుప్రీంకోర్టు 1874లోనే ఈ ముచ్చట తేల్చింది. ట్రిస్ట్ అనే మాజీ దౌత్యాధికారి తనకు రావాల్సిన బాకీ కాంగ్రెస్ చేత ఇప్పిస్తే నాలుగో వంతు ఇస్తానని ఒప్పుకున్నాడు. బాకీ వచ్చింది, వాటా ఇవ్వలేదు. కోర్టుకెక్కితే ఆ ఒప్పందమే చెల్లదని తీర్పు వచ్చింది. వాటా ఆశ పెట్టినచోట వాదన ఆగిపోయి వల మొదలవుతుందని న్యాయమూర్తులు గ్రహించారు.

మూడోది, నెలనెలా ఎవరిని కలిశారు, ఏ కాగితం ఇచ్చారు, ఏం జవాబు వచ్చిందన్న నివేదిక సభ ముందు పెట్టాలి. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద ఎవరడిగినా చూపాలి. కన్నడంతోపాటు తెలుగులో, ఉర్దూలో నాలుగు ముక్కల సారాంశం వేస్తే క్యాంపుల్లోని రైతుకూ తెలుస్తుంది. నాలుగోది, పార్టీ పని, ఎన్నికల పని ముట్టుకోరాదు.

ఇంతకీ ఈ తీర్మానం చేసేదెవరు? అసలు నొప్పి ఇక్కడే ఉంది. కర్ణాటకలో జిల్లా, తాలూకా పంచాయతీల పదవీకాలం 2021లో ముగిసింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఎన్నికలు పెట్టలేదు. కుర్చీలో అధికారి, కింద ఖాళీ బల్లలు. అధికారి నియమించిన లాబీయిస్టు ఎవరి మాట మోస్తాడు? ప్రభుత్వం మాటను ప్రభుత్వానికే వినిపిస్తాడు, అంతే. ఎన్నికైన సభ లేనిచోట లాబీయిస్టును పెట్టడం, పెళ్లికొడుకు లేకుండా పురోహితుణ్ని పిలవడమే.

రాజ్యాంగం ఇచ్చిన గొంతు మరొకటి కూడా ఉంది. విధాన పరిషత్తులో 75 మంది సభ్యులుంటే 25 మందిని స్థానిక సంస్థల ప్రతినిధులే ఎన్నుకుంటారు. రాయచూరు, కొప్పళ కలిసి ఒకరిని పంపుతాయి. స్థానిక సంస్థల కోసం మాట్లాడాల్సిన ఎమ్మెల్సీ ఆయనే. ఓట్లప్పుడు తప్ప పంచాయతీ సభ్యులు ఆయన్ను ఎన్నిసార్లు పిలిచి కూర్చోబెట్టి ఇదిగో మా జాబితా అన్నారు? ఖర్చులేని లాబీని వాడుకోకుండా ఖర్చుపెట్టి మరొకటి కొంటామంటే జనం ఊరుకోరు.

371(జె) సంగతే చూడండి. మాజీ మంత్రి వైజనాథ్ పాటిల్ వంటివారి పోరాటం, పార్టీలు దాటిన ఒత్తిడి, అన్నీ కలిసి 2012 డిసెంబరులో పార్లమెంటు చేత రాజ్యాంగాన్నే సవరింపజేశాయి. 2013లో అమల్లోకి వచ్చిన ఆ అధికరణంతో హైదరాబాద్-కర్ణాటక ఆరు జిల్లాలకు చదువుల్లో, ఉద్యోగాల్లో రిజర్వేషన్లు, ప్రత్యేక అభివృద్ధి మండలి దక్కాయి. జీతగాడు లేకుండానే గెలిచిన లాబీ అది. అయితే దానికి దశాబ్దాలు పట్టింది. ఒక తరం చదువు అయిపోయింది.

కాబట్టి వరుస ఇది. ముందు జిల్లా, తాలూకా పంచాయతీలకు ఎన్నికలు. తర్వాత సభలో కూర్చుని, జిల్లాకు కావాల్సిన అయిదు పనుల జాబితా. ఆ జాబితా ఎమ్మెల్సీ చేతిలో, ఏడుగురు ఎమ్మెల్యేల చేతిలో, ఎంపీ చేతిలో. అప్పటికీ కాగితం పనికి మనిషి కావాలనుకుంటే టెండర్, స్థిరమైన రుసుము, నెలవారీ లెక్క. పైరవీ ఎలాగూ సాగుతూనే ఉంది, చీకట్లో, ఎవరో ఒకరి జేబు కోసం. దానికొక పద్దు రాసి వెలుగులో పెట్టగలిగిన రోజున, ధర్నా శిబిరంలో కూర్చున్నవాళ్ల మాట ఢిల్లీ బల్లమీదికి సరైన కాగితంగా చేరుతుంది.