కరెంటు తినని భోషాణం

ఇదివరకు పెళ్లి ఫోటోలు ట్రంకు పెట్టెలో, పట్టుచీరల మడతల మధ్య ఉండేవి. ఇప్పుడు ఫోనులో ఉంటున్నాయి. ఫోను నీళ్ళతొట్టిలో పడితే ఫోటోలూ దానితోనే మునుగుతాయి. పైన ఎక్కడో క్లౌడులో దాచుకోవచ్చు గదా అంటారు కుర్రకారు. నిజమే. కాని కాస్త నాణ్యం తగ్గించి ఎన్ని ఫోటోలైనా ఉచితంగా దాచిపెట్టే సదుపాయాన్ని గూగుల్ వారు 2021 జూన్ 1న ఆపేశారు. 15 జీబీ దాటితే అద్దె కట్టవలసిందే. అద్దె ఇష్టం లేనివారు ఇంట్లోనే ఒక చిన్న పెట్టె పెట్టుకుని, ఇంటిల్లిపాది ఫోన్లలోని సరుకునూ వైఫై మీదుగా అందులోకి దింపుకోవచ్చు.

మా తనకల్లులో ఈ సంగతి నన్నడిగినవారు రిటైరయిన అయ్యవారు ఒకరు. ఆయన భార్య పోయి ఏడాదయింది. ఆమె పాడిన మంగళహారతులూ, మనవడికి చెప్పిన కథలూ ఆమె ఫోనులోనే ఉన్నాయి. బ్యాటరీ ఉబ్బి ఆ ఫోను వెనక మూత లేచింది. "ఇది ఎన్నాళ్ళుంటుందప్పా?" అన్నారాయన. పెట్టె మాట తరవాత. ముందు దాన్ని ఛార్జికి పెట్టడం మానండి, బ్యాటరీ మార్పించి ఇవాళే ఒక పెన్‌డ్రైవులోకి కాపీ తీయించండి అన్నాను. తీయించారు.

ఇక పెట్టె. ఎవరో ఆయనకు పాత ఆఫీసు కంప్యూటరు ఒకటి ఊరికే ఇచ్చారు. "ఊరికే వచ్చింది కదప్పా!" అని ఆయన సంబరం. రాత్రింబవళ్ళూ వెలుగుతుండే యంత్రానికి కొన్న ధరకంటే కరెంటు లెక్క ముఖ్యం. ఏడాదికి 8,760 గంటలు. అలాంటి పాత పెట్టె ఊరకే కూర్చున్నా 50 వాట్లు లాగిందనుకోండి, ఏడాదికి 438 యూనిట్లు. యూనిటు ఆరు రూపాయలు వేసుకున్నా 2,628 రూపాయలు. 10 వాట్ల పెట్టెకయితే 88 యూనిట్లకు మించవు. 526 రూపాయలతో సరి. పైగా మనకు శ్లాబుల పద్ధతి ఉన్నది. కొత్తగా పెరిగే యూనిట్లన్నీ పై శ్లాబులోనే పడతాయి. పక్కనున్న నంబులపూలకుంటలో ఎంత పెద్ద సోలారు పార్కు ఉంటేనేం, మన బిల్లు మనదే!

లెక్క చూసి అయ్యవారు, "అయితే ఇది దానం కాదు, దత్తత!" అన్నారు.

తక్కువ కరెంటు అనగానే రాస్ప్‌బెర్రీ పై పేరు చెబుతారు. అరచేతిలో ఇమిడే బోర్డు. నాలుగయిదు వాట్లతో గడిపేస్తుంది. కాని అడాప్టరు, డబ్బా, మెమరీ కార్డు విడిగా కొనాలి. రెండు హార్డు డిస్కులు తగిలిస్తే వాటికి దాని యూఎస్‌బీ కరెంటు చాలకపోవచ్చు. ఎడతెగని రాతలకు మెమరీ కార్డు అరిగిపోతుంది. చేయి తిరిగిన కుర్రవాళ్ళకు అది బాగు. అయ్యవారికి నేను చెప్పలేదు.

స్క్రీను పగిలిన లాప్‌టాపు ఇంట్లో ఉంటే మంచిదే, కరెంటు పోయినా దాని బ్యాటరీ కాసేపు ఆదుకుంటుంది. అయితే ఎప్పుడూ ఛార్జిలోనే ఉంచితే ఆ బ్యాటరీ కూడా ఉబ్బవచ్చు. అయ్యవారికి మళ్ళీ ఆ బెంగ ఎందుకు?

నా ఓటు ఆఫీసులవారు వాడి వదిలేసిన చిన్న మినీ కంప్యూటరుకు. బెంగుళూరు ఎస్.పి. రోడ్డులో వెతికితే దొరుకుతుంది. కొత్తదే కావాలంటే ఇంటెల్ ఎన్100 చిప్పు ఉన్నది చాలు. ఆ చిప్పుకు 6 వాట్లని రాసి ఉంటుంది. అది చిప్పు సంగతే. గోడ ప్లగ్గు దగ్గర మొత్తం లాగేది వేరు. అలాగే అడాప్టరు మీద 65 వాట్లని ఉంటే అంతా తాగేస్తుందని బెదిరిపోకండి, అది దాని శక్తికి హద్దు మాత్రమే. ప్లగ్గులో పెట్టే వాట్ మీటరుతో కొలిస్తే అసలు సంగతి తెలుస్తుంది. ఓపెన్‌మీడియావాల్ట్ అనే సాఫ్ట్‌వేరు ఉచితం. యంత్రాన్ని రూటరుకు వైఫైతో కాక తీగతో కలపండి. పెద్ద హార్డు డిస్కు బదులు లాప్‌టాపుల్లో వాడే చిన్న డిస్కు పెడితే మరి రెండు మూడు వాట్లు మిగులుతాయి. తనకల్లు ఎండలకు దాన్ని బీరువాలో బిగించవద్దు, గాలి తగలాలి. చిన్న యూపీఎస్ ఒకటి తప్పనిసరి.

అయ్యవారింటి నాలుగు ఫోన్లూ కలిపినా 300 జీబీ దాటలేదు. ఒక టీబీ డిస్కు ధారాళంగా సరిపోయింది. లోపలే రెండు డిస్కులు పెట్టి ఒకదాని నీడగా మరొకటి నడిపిద్దామన్నాడు బెంగుళూరులోని కొడుకు. ఒక డిస్కు చెడితే అది కాపాడుతుంది. మనవడు పొరపాటున నాయనమ్మ పాట చెరిపేస్తే రెండింటిలోనూ చెరిగిపోతుంది. పిడుగు పడితే రెండూ పోతాయి. కాబట్టి ఆ రెండో డిస్కును బయటే ఉంచాం. నెలకొకసారి దాన్ని తగిలించి కాపీ తీసుకుని, కదిరి బస్సెక్కి కూతురింట్లో ఇచ్చి వస్తున్నారు అయ్యవారు. పాత కంప్యూటరును ఇచ్చినవారికే తిరిగి పంపించేశారు.