ఆరోగ్యము – ఆదాయము: పుట్టగొడుగు కూరా? మందా?



ఎర్రగుంట్ల స్త్రీల మైత్రి నుండి ఒక సహోదరి రెండు ప్రశ్నలు పంపారు. మా బండల మిద్దెలో పుట్టగొడుగులు పెంచవచ్చునా? పుట్టగొడుగు పొడి తాగితే షుగరు బిళ్ళలు మానవచ్చునని ఇంటికి వచ్చినవారు చెప్పుచున్నారు, నిజమేనా? రెండవదానికే ముందు జవాబు వ్రాస్తున్నాను. అది ప్రాణముతో పని.

బిళ్ళలు మానరాదు. డబ్బాలలో అమ్మే ఆ పొడి ఎక్కువగా రీషి అనే రకముది. గానోడెర్మా అని కూడా అంటారు. చెక్కవలె గట్టిగా ఉంటుంది, కూరకు పనికిరాదు. చైనా, జపాను దేశములలో వందల ఏండ్లుగా మందుగా వాడుతున్నారు, పరిశోధనలూ జరుగుతున్నాయి. అయితే షుగరు, బి.పి. బిళ్ళలకు బదులుగా అది పనిచేస్తుందని రుజువు కాలేదు. బిళ్ళలు మానితే షుగరు పెరిగి కాలికి పుండ్లు పడవచ్చును, మూత్రపిండములు చెడవచ్చును. అప్పుడు పొడి అమ్మినవారు కనిపించరు. రక్తము పలుచబడే మందులు వాడేవారు డాక్టరు గారిని అడుగకుండా దానిని ముట్టనే రాదు. ఈ సరుకు "ఇంకా ఇద్దరిని చేర్చండి, మీకూ కమీషన్" అనే పద్ధతిలో చేతులు మారుతుంది. ఆరాధన ముగిసిన వెంటనే గుడి ఆవరణలో ఇట్టి బేరములు పెట్టడము నాకు ఏమాత్రము నచ్చదు.

కూరగా అయితే పుట్టగొడుగు మంచిదే. కొవ్వు, పిండిపదార్థము తక్కువ. షుగరు ఉన్నవారు తినవచ్చును. బి విటమిన్లు ఉన్నాయి. కాని నూటికి తొంబై పాళ్ళు నీరే. 200 గ్రాముల పచ్చి పుట్టగొడుగులలోని మాంసకృత్తులు దాదాపు ఒక కోడిగుడ్డుకు సమానము. కనుక పిల్లలకు గుడ్డు, వేరుశెనగలు, కందిపప్పు మానిపించి ఇది పెట్టవలసిన పని లేదు. ముక్కలు కోసి మధ్యాహ్నపు ఎండలో అరగంట ఉంచితే డి విటమిన్ పెరుగుతుంది. ఎండకు మన సీమలో కొదువ లేదు గదా!

వానల తరువాత పొలములో లేచినవాటిని మాత్రము గుర్తు తెలియకుండా వండవద్దు. వెండి నల్లబడకపోతే మంచిదన్న మాట వట్టిది. కొన్ని విషములు ఉడికించినా పోవు. తిన్న ఆరు, పన్నెండు గంటలకు గాని వాంతులు మొదలుకావు. మధ్యలో తగ్గినట్లే ఉండి కాలేయము చెడిపోతుంది.

ఇక పెంపకము. బటన్ రకానికి చలి కావలెను, మనకు కుదరదు. కార్తీకము నుండి సంక్రాంతి దాటేవరకు ముత్యపుచిప్ప రకము, ఎండలు ముదిరినప్పుడు పాల పుట్టగొడుగు. ఇది 30–35 డిగ్రీల వేడిలో పెరుగుతుంది. కోయంబత్తూరు వ్యవసాయ విశ్వవిద్యాలయము 1998లో దీని రకమును విడుదల చేసింది. మే నెలలో బండల మిద్దె కింద అంతకు మించిన వేడి. తడి గోనెపట్టలు కట్టి చల్లబరచవలెను. విత్తనమును జొన్నగింజల మీద పెంచి అమ్ముతారు. వరిగడ్డిని నానబెట్టి, ఉడికించి, పిండితే నీరు కారనంతగా ఆరబెట్టి, పాలిథీన్ సంచులలో గడ్డి, విత్తనము వరుసలుగా నింపాలి. కిలో ఎండుగడ్డికి అరకిలో నుండి కిలో వరకు ముత్యపుచిప్ప దిగుబడి. గొడుగులు పూర్తిగా విచ్చుకొనక ముందే కోయండి, ముక్కుకు గుడ్డ కట్టుకొనండి. వాటి నుండి రాలే పొడికి దగ్గు, ఆయాసము వస్తాయి.

పెంచడము కంటె అమ్మడము కష్టము. కోసిన మరునాటికే వాడిపోతుంది. గోపురము కట్టదలచిన మనిషి లెక్క లూకా 14వ అధ్యాయములో మీరు చదివినదే. "విత్తనము మేమిస్తాము, పంట మేమే కొంటాము" అని ముందుగా వేలు అడిగేవారికి డబ్బు కట్టవద్దు. కార్తీకములో మాంసము మానే ఇరుగుపొరుగువారు, శ్రమకాలపు నలువది దినములలో మానే మన కుటుంబములు, వీరే మీ మొదటి బేరము. ప్రొద్దుటూరు హోటళ్ళు ఆ తరువాత. కడప దగ్గర ఊటుకూరులోని కృషి విజ్ఞాన కేంద్రములో శిక్షణ సంగతి విచారించండి. మైత్రి సభ్యులు కలిసి మొదట పది సంచులు పెట్టండి. ఆ పంట అమ్ముడుపోయిన తరువాతనే అప్పు మాట ఎత్తండి.