గడప త్రొక్కని రాజకీయము

అమెరికా కాంగ్రెసు ఎన్నికలనగా డబ్బుసంచుల పందెమనియు, అందు సామాన్యునకు చోటు లేదనియు మన పఠనమందిరములలో ఒక తీర్పు స్థిరపడిపోయినది. పత్రిక మడిచి బల్లమీద పెట్టుచు ఈ మాట అనని పెద్దమనిషి అరుదు. ఆ దేశమునకు పోయి పౌరులైన మన తెలుగువారిలో పలువురు ఈ తీర్పునే శిరసావహించి, అభ్యర్థి యిచ్చు విందునకు పోయి, చెక్కు వ్రాసి యిచ్చి, ఆయన ప్రక్కను నిలుచుండి ఫొటో తీయించుకొని, పౌరధర్మము ముగిసినదనుకొని ఇంటికి పోవుచున్నారు. ఈ తీర్పు తప్పు. తప్పు మాత్రమే కాదు, డబ్బుసంచులవారికి దీనికంటె ప్రియమైన సిద్ధాంతము మరియొకటి లేదు. తమ్ము నెవ్వరును ఓడింపలేరని ప్రత్యర్థులే నమ్మి ఇంట కూర్చుండుటకంటె ధనికునకు కావలసిన దేమి?

అక్కడి ప్రతినిధిసభలో 435 స్థానములు గలవు. 2020 జనాభా లెక్కల ననుసరించి సగటున ఒక్కొక్క స్థానమునకు 7 లక్షల 60 వేలమంది జనము. రెండేండ్ల కొకమారు స్థానములన్నిటికిని ఎన్నిక జరుగును. అధ్యక్షుని ఎన్నిక లేని యేట ఓటరు ఇల్లు కదలడు. 2014లో అర్హులలో నూటికి 37 మందియైనను ఓటువేయలేదు. ప్రపంచయుద్ధము నడుచుచున్న 1942 తరువాత అంత హీనమైన ఎన్నిక లేదు. 2018లో నూటికి 50 మంది వచ్చిరని, 1914 తరువాత ఇట్టిది జరుగలేదని సంబరపడిరి. సంబరపడిన యేటను సగముమంది ఇంటనే యుండిరన్నమాట.

ఇక నియోజకవర్గముల ఎల్లలు గీయుపని అనేక రాష్ట్రములలో శాసనసభల చేతిలోనే యున్నది. అధికారమున నున్న పక్షము తనకు లాభించునట్లు గీతలు గీయును. ఈ పక్షపాతమును విచారించుట ఫెడరల్ న్యాయస్థానముల పని కాదని 2019లో అక్కడి సుప్రీముకోర్టు తేల్చివేసినది. న్యాయవాదవృత్తిలో నున్న మాకు ఆ తీర్పు మింగుడుపడలేదు. ఐనను తీర్పు తీర్పే. దాని ఫలితముగా పెక్కు స్థానములలో నవంబరు ఎన్నిక వట్టి తంతు. పక్షము తన అభ్యర్థిని ఎంచుకొను ప్రాథమిక ఎన్నిక, అనగా ప్రైమరీలోనే గెలుపోటములు తేలిపోవును. ఆ ప్రైమరీకి వచ్చువారు పిడికెడు మంది. ఆ పిడికెడు మందిని ఎవడు కదలించునో వానిదే స్థానము.

మాట కాదు, దృష్టాంతమే చూపుదుము. 2014లో వర్జీనియా ఏడవ నియోజకవర్గమున రిపబ్లికను పక్షపు సభానాయకుడు ఎరిక్ కాంటర్ ప్రైమరీలో నిలిచెను. ఆయన వ్యయము 50 లక్షల డాలర్లకు పైమాట. ఎదుట నిలిచిన డేవిడ్ బ్రాట్ ఒక చిన్న కళాశాలలో అర్థశాస్త్రోపాధ్యాయుడు. ఆయన ఖర్చు మొత్తము సుమారు 2 లక్షలు. కాంటర్‌గారి ప్రచారవర్గము మాంసభోజనశాలలకు చెల్లించిన బిల్లులే 1,68,637 డాలర్లని పత్రికలు లెక్క తీసి ప్రచురించినవి! ఉపాధ్యాయునకు 36 వేల ఓట్లు, సభానాయకునకు 29 వేలు వచ్చినవి. నాలుగేండ్లకు ఆ బ్రాటే 2018 నవంబరులో ఓడిపోయెను. ఓటరు ఎవ్వని సొత్తును కాడు. ఆ 2018లోనే న్యూయార్కు 14వ నియోజకవర్గమున పది పర్యాయములు గెలిచిన డెమొక్రాటు జోసెఫ్ క్రౌలీని, క్వీన్సు కౌంటీ పక్షసమితికి అధ్యక్షుడైనవానిని, అలెగ్జాండ్రియా ఒకాసియో కోర్టెజ్ అను ఇరువదియెనిమిదేండ్ల యువతి సుమారు 4 వేల ఓట్ల తేడాతో పడగొట్టినది. బ్రాట్, ఈ యువతి, ఇరువురి సిద్ధాంతములును తూర్పుపడమరలు. మాకు ఇక్కడ వారి సిద్ధాంతములతో పని లేదు. తిరిగినవారు గెలిచిరి, తిరుగనక్కరలేదనుకొన్నవారు ఓడిరి.

ఈ విద్య తెలుగువారికి క్రొత్తదియు కాదు. 1937లో బొబ్బిలి రాజావారు మద్రాసు మంత్రివర్గమునకు నాయకులై యుండియు, తమ బొబ్బిలిలోనే, వి.వి. గిరిగారి చేతిలో ఓడిపోయిరి. ఆనాడు ఓటుహక్కు కొద్దిమందికే గలదు. ఆ కొద్దిమందిలోను జమీనునకు లోబడినవారెందరో గలరు. ఐనను కాంగ్రెసువారి పసుపుపచ్చ పెట్టె నిండెను. ధనమును గెలువ శక్యము కాదని నేడు నిట్టూర్చు పెద్దమనుష్యుల తాతలలో ఎందరో ఆనాడు ఆ పెట్టెను నింపినవారే.

తలుపు తట్టుట వలన ఫలితమున్నదా యని శాస్త్రీయముగా పరీక్షించినవారు గలరు. యేల్ విశ్వవిద్యాలయమునకు చెందిన గెర్బర్, గ్రీన్ అను ఆచార్యులు 1998 నవంబరు ఎన్నికకు ముందు న్యూహేవెన్ నగరమున సుమారు 30 వేలమంది ఓటర్లను వర్గములుగా విభజించి, కొందరికి ఉత్తరములు పంపిరి, కొందరికి టెలిఫోను చేయించిరి, కొందరి ఇండ్లకు మనుష్యులను పంపిరి. టెలిఫోను వలన ఫలితము కనబడలేదు. ఉత్తరముల వలన స్వల్పము. మనిషి ఎదుట నిలిచి మాటలాడినచోట మాత్రము ఓటువేసినవారు నూటికి ఎనిమిది తొమ్మిది మంది పెరిగిరి. ఒక్క సంభాషణతో ఎదుటి పక్షమువాని మనసు మరలునని మేము చెప్పుట లేదు. సాధారణముగా మరలదనియు పరిశోధకులు చూపియున్నారు. ఇల్లు కదలనివానిని కదలించుటయే చాలును. ప్రైమరీ గెలుపునకు అంతకుమించి అక్కరలేదు.

ఐనను పక్షములు రెండును చేయుచున్న దేమి? ఐదు డాలర్లు పంపుడు, పది డాలర్లు పంపుడు అని దినమున కెన్నో సందేశములు ఓటరు చేతిలోని ఫోనుకు పంపుచున్నవి. అక్టోబరులో కూలికి మనుష్యులను దింపుచున్నవి. ఆ కూలివాడు వీధిపేరైనను సరిగా పలుకలేడు. నవంబరు మొదటి వారము దాటగానే మాయమగును. అట్టి పక్షమునకు ఓటరు పొరుగువాడు కాడు, పట్టీలో ఒక సంఖ్య. లేదా, చేయి చాచుటకు ఒక గుమ్మము. ఎన్నికలలో ధనవ్యయము వాక్స్వాతంత్ర్యములోనిదని అక్కడి సుప్రీముకోర్టు 1976లో చెప్పి, 2010లో వ్యాపారసంఘములకును ఆ ద్వారము తెరచినది. కాని ఆ దేశపు ఎన్నికల చట్టమునందే మరియొక వాక్యమున్నది. దానిని ఎవ్వరును తలపెట్టరు. అభ్యర్థికి ఒక వ్యక్తి యియ్యగల చందాకు పరిమితి గలదు. జీతము లేక చేయు సేవ చందా క్రింద లెక్కకు రాదు గనుక దానికి పరిమితి లేదు. కోటీశ్వరుడును కూలివాడును అభ్యర్థి చేతికియ్యగలది కొంతవరకే. కూలివాడు తన కాళ్లతో ఎంతయైనను ఇయ్యవచ్చును.

కాళ్లతో ఇచ్చినవారి కథలలో రెండు చెప్పుదుము. మిస్సిసిపీ రాష్ట్రమున పత్తితోటలలో పనిచేసిన నల్లజాతి స్త్రీ ఫానీ లూ హేమర్ 1962 ఆగస్టు 31న కొందరు పొరుగువారితో కూడి బస్సులో ఇండియనోలా పట్టణమునకు పోయి, తన పేరు ఓటరు పట్టీలో చేర్చుమని అడిగెను. రాష్ట్ర రాజ్యాంగములో ఒక భాగము చూపి దాని భావమును విప్పుమనిరి. ఆ ప్రశ్న మా న్యాయవాదుల సంఘములో వేసినచో సగముమంది తడబడుదురు. ఆమె తప్పినదనిరి. ఇల్లు చేరునప్పటికి తోటయజమాని కబురు సిద్ధముగా నుండెను. ఆ రాత్రియే ఇల్లు విడువవలసివచ్చెను. మరుసటి యేట జైలులో ఆమెను చావగొట్టిరి. 1964లో ఆమె, ఆ స్త్రీయే, 1941 నుండి సభలో కూర్చున్న జేమీ విట్టెన్‌పై కాంగ్రెసు ప్రైమరీలో నిలిచినది. ఓటు వేయనియ్యని ప్రజల పక్షమున నిలిచినవారు ఓడుట వింత కాదు, ఓడినది. ఆ వేసవిలోనే ఓటర్లను చేర్చుటకై పనిచేయుచున్న ముగ్గురు యువకులను చంపి మట్టికట్ట క్రింద పాతిపెట్టిరి. మరుసటి యేడు, 1965లో, ఓటుహక్కుల చట్టము వచ్చెను. ఆమె 1977లో మరణించినది. 1986లో ఆ డెల్టా ప్రాంతమునుండియే మైక్ ఎస్పీ అను నల్లజాతివాడు కాంగ్రెసునకు గెలిచినాడు. ఈ నడుమ ఎవరి విందులలో ఎవరు ఫొటోలు తీయించుకొనిరో మేమెరుగము.

రెండవ కథ మనవానిది. పంజాబున 1899లో పుట్టిన దలీప్ సింగ్ సౌంద్ 1920లో అమెరికాకు చదువుకై పోయి, 1924లో బర్క్లీలో గణితశాస్త్రమున డాక్టరు పట్టము పొందెను. ఆ పట్టమునకు ఒక్క యేడు ముందు, 1923లో, హిందూదేశీయులు పౌరసత్వమునకు తగరని అక్కడి సుప్రీముకోర్టు థిండ్ వ్యాజ్యమున తీర్పు చెప్పెను. గణితశాస్త్రవేత్త ఇంపీరియల్ లోయలో సేద్యమునకు దిగెను. 1946లో కాంగ్రెసు చట్టము చేసి తలుపు తెరచునంతవరకు పదవుల మాట యటుండ, ఓటు లేదు. 1949లో పౌరుడయ్యెను. 1950లో వెస్ట్‌మోర్లండు ఊరివారు ఆయనను న్యాయాధిపతిగా ఎన్నుకొనగా, పౌరుడై యేడాది నిండలేదని ఆ ఎన్నిక కొట్టివేయబడెను. మరల 1952లో నిలిచి గెలిచెను. కౌంటీ పక్షసమితిలో సభ్యుడై, పిదప అధ్యక్షుడై, ఊరూర తిరిగెను. ఈ సమితి పని మన పెద్దమనుష్యులు చిన్నచూపు చూచు పనియే: పట్టీలు సరిచూచుట, సభకు కుర్చీలు వేయించుట, క్రొత్త ఓటర్లను చేర్చుట.

1956లో సౌంద్ కాంగ్రెసునకు నిలిచినప్పుడు, రాజ్యాంగము కోరు ఏడేండ్ల పౌరసత్వము నిండలేదని ప్రత్యర్థి ఒకడు న్యాయస్థానమునకు పోయెను. అది నిలువలేదు. నవంబరులో ఎదుట నిలిచినది జాక్వెలిన్ కాక్రన్. ధ్వనివేగమును మించి విమానము నడిపిన ప్రథమ స్త్రీ, కోటీశ్వరుని భార్య, సొంత విమానమున ఎగిరి ప్రచారము చేయుచుండెను. సౌంద్ భార్యయు పిల్లలును పొరుగువారును ఇంటింటికి తిరిగిరి. ఓట్లు లెక్కించునప్పటికి సౌంద్ సుమారు 3 వేల అధిక్యముతో గెలిచెను. ఆసియాలో పుట్టి అమెరికా కాంగ్రెసున ఓటుహక్కుతో కూర్చున్న మొదటివాడు ఆయనయే. ఆ నియోజకవర్గమున హిందూదేశీయులు ఎందరనుకొన్నారు? ఉప్పులో వేయుటకైనను చాలరు. తనవారి ఓట్లతో గెలిచినాడు కాడు, పొరుగువారి ఓట్లతో గెలిచినాడు.

ఇక మనవారి మాట. అమెరికాలో ఇంట తెలుగు మాటలాడువారు 2017 నాటికే నాలుగు లక్షలు దాటిరి. వీరికి చదువున్నది, సంపాదన యున్నది, నోరున్నది. తలుపు తట్టుట రాదందుమా? 2024 ఆంధ్రప్రదేశ్ ఎన్నికలకు సముద్రములు దాటి వచ్చి, మండుటెండలో పల్లెలు తిరిగి, “అమ్మా, అన్నా, మామా” యని వరుసలు కలిపి ఓట్లడిగినవారు వీరిలో గలరు. తెలుగు సంఘముల అధ్యక్షపదవికి జరుగు పోరులో వీరు చూపు పట్టుదల చూచిన, కాంగ్రెసు స్థానము వీరికొక లెక్క కాదనిపించును. ఆ పట్టుదలలో పదవవంతు తమ వీధిలోని ప్రైమరీకి చూపరేల? ఇక్కడి కులముల చిచ్చును ఓడలలోను విమానములలోను మోసుకొనిపోయినవారు ఇక్కడి వాలంటీరు సంచిని మోసుకొనిపోలేదు.

వీరి బ్రదుకులను ముడివేసి యుంచినది ఆ సభయే. 1965లో కాంగ్రెసు చట్టము మార్చినందున వీరు అక్కడికి పోగలిగిరి. 1990 చట్టమున ఏ దేశమువారికిని నూటికి ఏడు పాళ్లకు మించి శాశ్వతనివాసపత్రము లియ్యరాదని వ్రాసినందున, మన యువకులు ఆ పత్రమునకై యేండ్లు, పదులయేండ్లు కాచియున్నారు. దానిని మార్చు బిల్లులు వచ్చినవి, పోయినవి. విందులో కరచాలనము చేసిన సభ్యుడు మరునాడు ఆ బిల్లును మరచిన, వానిని అడుగు హక్కు ఎవరికున్నది? వాని ప్రైమరీలో వాని భవిష్యత్తును తూచగల నాలుగువేలమందికి ఉన్నది.

సంఘములు పక్షరాజకీయములలో దిగరాదని కొందరు అడ్డుచెప్పుదురు. అది నిజమే, 1954 నుండి పన్నుమినహాయింపు పొందిన ధర్మసంస్థలు అభ్యర్థికై ప్రచారము చేయుట నిషిద్ధము. కాని పక్షము నెంచక ఓటర్లను చేర్చుట నిషిద్ధము కాదు. సంఘ సభ్యుడు ఇంటికి పోయి పౌరుడుగా ఏ జెండా పట్టినను అడ్డు లేదు. చట్టమును చాటుచేసికొని బద్ధకమును దాచుట మా వృత్తిలో మేము రోజును చూచుచున్న పనియే. ఇంకను పౌరులు కానివారి విషయమున జాగ్రత్త చెప్పవలసియున్నది. వారు ఓటరు పట్టీలో పేరు చేర్చుకొనుట నేరము. శాశ్వతనివాసము లేనివారు చందా ఇచ్చుటయు నిషిద్ధము. జీతము లేక ప్రచారమున సేవచేయుటకు మాత్రము, ప్రచారపు నిర్ణయములలో తలదూర్చనంతవరకు, ఎన్నికల చట్టము అడ్డు చెప్పదు.

పౌరులైనవారికి మరియొక పని యున్నది. రెండు పక్షములకును ప్రిసింక్టు అను చిన్నచిన్న పేటలవారీగా ప్రతినిధులుండవలెను. వీరే చేరి కౌంటీ సమితి యగుదురు. అనేక తావుల ఈ స్థానములు ఏ పక్షమునను నిండుటలేదు. కొన్నిచోట్ల పొరుగువారి సంతకములు కొన్ని చాలును, కొన్నిచోట్ల అడిగినంతమాత్రమున నియమింతురు. రాష్ట్రమును బట్టి నియమములు మారును గనుక తమ కౌంటీ ఎన్నికల కార్యాలయమున విచారించి, దరఖాస్తు గడువు తెలిసికొనవలెను. ఇక్కడ బిడ్డలను అమెరికాకు పంపిన తలిదండ్రులు పఠనమందిరమున మా మాటలు చదివిన పక్షమున, రాబోవు ఆదివారము టెలిఫోనులో మనుమని చదువును, కోడలి ఆరోగ్యమును అడిగిన పిమ్మట, “నాయనా, మీ పేటకు ప్రిసింక్టు ప్రతినిధి ఎవరు?” అని యొక్క ప్రశ్న వేయుదురుగాక.