కళాకర్షణము – కంప్యూటరు: కదలునది ఏది?



చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతములలో అర్చకత్వము నెరపు మా ఇంట పదేళ్లనాటి కంప్యూటరు ఒకటి కలదు. కీర్తిశేషులైన మా గురువుగారు చెప్పగా నేను వ్రాసికొన్న ప్రయోగవిధానములు అందులోనే ఉన్నవి, వేరొకచోట లేవు. విండోస్ 10కి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. విండోస్ 11కు ఆ యంత్రము చాలదు. కనుక కొత్తది కొన్నాము. శిష్యుడు "స్వామీ, పాత డిస్కును ఇందులో బిగించిన చాలును, ఆత్మ దేహము మార్చినట్లే" అని బిగించినాడు. యంత్రము మేల్కొనలేదు.

ఈ ఉపమానము నేడు పలువురి నోట వినబడుచున్నది. అది శాస్త్రసమ్మతము కాదని నా అభిప్రాయము. ఆత్మ సర్వవ్యాపి, దానికి రాకపోకలు లేవు. జ్ఞానేంద్రియములు ఐదు, కర్మేంద్రియములు ఐదు, ప్రాణములు ఐదు, మనస్సు, బుద్ధి – ఈ 17 అంగముల సూక్ష్మశరీరమే వాసనలను మోసికొని పోవును. ఆపరేటింగ్ సిస్టమునకు తగిన ఉపమానము అదియే. పాత మదర్‌బోర్డుకు అలవడిన డ్రైవర్లు, ఆ యంత్రముతోనే ముడిపడి వచ్చిన లైసెన్సు, పాత ప్రారంభపద్ధతి – ఇవన్నియు వాసనలే. మా డిస్కు పాత బయోస్ రీతికి సిద్ధపరచినది. కొత్త యంత్రము యూఈఎఫ్ఐ రీతిని మాత్రమే ఎరుగును. ఆగుటకు కారణము ఇంతే.

మరి మార్గమేది? ఆగమమే చెప్పుచున్నది. జీర్ణోద్ధరణకు ముందు కళాకర్షణము చేసి, దేవతాశక్తిని కుంభమున ఆవాహన చేసి, బాలాలయమున ఆరాధింతుము. యాదగిరిగుట్టలో 2016 నుండి బాలాలయమున నిత్యారాధనలు జరిగినవి. 2022 మార్చి 28న మహాకుంభ సంప్రోక్షణ జరిగినది. అన్నేళ్లును స్వయంభూమూర్తి గుహలో కదలనే లేదు. ఆరాధన ఆగనూ లేదు.

మేమును అట్లే చేసితిమి. మొదట డిస్కు మొత్తమునకు వేరొక హార్డుడిస్కులో ప్రతి తీసితిమి. అది మా కుంభము. పిదప విభజనను కొత్త రీతికి మార్చితిమి. యంత్రము మేల్కొని, తన అంగములను తానే గుర్తించి, కొత్త డ్రైవర్లను తెచ్చుకొన్నది. పాత లైసెన్సు చెల్లలేదు. కొత్తది కొనవలసి వచ్చినది. బిట్‌లాకర్ తాళమున్నవారు 48 అంకెల రికవరీ కీని ముందే కాగితముపై వ్రాసి ఉంచుకొనవలెను. యంత్రము మారినచో అది సాధారణముగా అడుగబడును.

"ఇంత శ్రమ ఏల? అంతయు విడిచి కొత్తగా ఇన్‌స్టాల్ చేయుట వైరాగ్యము కదా" అని కొందరందురు. సంన్యాసి ఆస్తిని విడుచును గాని గురువాక్యమును విడువడు. మా వ్రాతలు అను ఫాంట్లలో ఉన్నవి. ఆ ఫాంట్లు లేనిచోట అవి అర్థములేని గుర్తులు. అందుకే పాత అమరికను తరలించితిమి.

అయినను ఇది బాలాలయమే, శాశ్వతాలయము కాదు. మరి పదేళ్లకు ఈ యంత్రమును జీర్ణించును. కావున ఇప్పుడు రోజుకు నాలుగు పుటల చొప్పున ఆ వ్రాతలను యూనికోడులోనికి మార్చుచున్నాము. యంత్రము క్షరము, వ్యవస్థ క్షరము. పేరులోనే నాశము లేనిదని చెప్పబడినది అక్షరము. దానిని కాపాడుటయే మన విధి.

స్వస్తి.